సంప్‌లో అక్రిలిక్ బాఫిల్స్: ఊడిపోయాక నేర్చుకున్న పని

రాత్రి పదిన్నరకి సంప్‌లో ఎడమ గది నిండా నీళ్లు పోసి, అడ్డు పలక అంచుల వెంట టార్చి వేసి చూస్తున్నాను. ఎక్కడా చెమ్మ కనబడలేదు. హమ్మయ్య అనుకుని లేచేలోగా టప్ మని చిన్న చప్పుడు. పలక కింది అంచు సిలికాన్‌ జిగురుని వదిలేసి పక్క గదిలోకి తన్నుకుపోయింది. వారం రోజులు ఆరబెట్టిన పని రెండు సెకన్లలో అయిపోయింది. సంప్ గోడలు గట్టిగానే ఉన్నాయి కాబట్టి చుక్క నీరు కూడా బయటికి రాలేదు. రెండు గదుల్లోనూ సమానంగా సర్దుకుని, ఏమీ జరగనట్టు నిలబడ్డాయి.

సంప్ అంటే ఇక్కడ నేల కింద నీళ్లు నిల్వ చేసే తొట్టి కాదు. అక్వేరియం స్టాండు లోపల దాక్కుని ఉండే రెండో ట్యాంకు. పై ట్యాంకులో నీళ్లు అంచు పొర్లి పైపులోంచి కిందికి దిగుతాయి. కింద ఫిల్టర్ సాక్ (చెత్తని పట్టే గుడ్డ సంచి), స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) దాటుకుని చివరి గదికి చేరతాయి. అక్కడున్న రిటర్న్ పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఈ గదుల్ని విడదీసే అడ్డు పలకలే బాఫిల్స్. వాటికి రెండు పనులు. ఒకటి, స్కిమ్మర్ ఉన్న గదిలో నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉంచడం. నీళ్లు ఆవిరై తగ్గినా ఆ తగ్గుదల రిటర్న్ గదిలోనే కనబడాలి, స్కిమ్మర్ దగ్గర కాదు. రెండోది, పై నుంచి పడే నీరూ స్కిమ్మరూ పుట్టించే గాలి బుడగలు పంపులోకి వెళ్లకుండా ఆపడం. దీనికోసం మూడు పలకలు దగ్గర దగ్గరగా పెడతారు. మొదటి దాని పై నుంచి, రెండో దాని కింద నుంచి, మూడో దాని పై నుంచి నీరు ప్రయాణించాలి. మధ్యలో కిందికి దిగే దారిలో బుడగలు వెనక్కి తేలిపోతాయి. లెక్క ప్రకారం.

నా దగ్గర ఒక పాత అద్దం ట్యాంకు ఉంది. బయటి కొలతలు 75 × 35 × 40 సెంటీమీటర్లు, 6 మిల్లీమీటర్ల అద్దం. లోపల 73.8 పొడవు, 33.8 వెడల్పు వస్తుంది. దాన్నే సంప్ చేద్దామనుకున్నాను. పలకలకి అద్దం బదులు అక్రిలిక్ ఎందుకంటే, వేరే పనిలో మిగిలిన 6 మిల్లీమీటర్ల షీటు ఇంట్లో ఉంది, దాన్ని నేనే కోసుకోగలను, కావాలంటే రంధ్రం వేసుకోగలను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం, కొలతకి అద్దం కోసిచ్చే మనిషి దొరికితే అద్దమే వాడమంటాను. అద్దాన్ని అద్దానికి అతికిస్తే సిలికాన్ ఊడదు, అంతటితో గొడవ ఉండదు. అక్రిలిక్ వాడాలనుకుంటే దాని గుణం తెలుసుకుని వాడాలి. నాకు ఆ గుణం తెలియదని కూడా తెలియదు.

కొలతల దగ్గర మాత్రం బుద్ధిగానే ఉన్నాను. ముందు కరెంటు పోతే ఏమవుతుందో లెక్క వేశాను. పంపు ఆగగానే పై ట్యాంకులో నీరు, రిటర్న్ పైపు మూతి బయటపడేదాకా, అదే పైపులోంచి వెనక్కి దిగుతుంది. నా పై ట్యాంకు నాలుగు అడుగులది. లోపల 118 × 43 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్క సెంటీమీటర్ మట్టం తగ్గినా 5 లీటర్లు. పైపు మూతి నీటి కింద 3 సెంటీమీటర్లు ఉంటే 15 లీటర్లు, పైపుల్లో ఉన్నది అదనం. సంప్‌లో ఒక సెంటీమీటర్ అంటే రెండున్నర లీటర్లు. ఆ 15 లీటర్లూ కిందికి వచ్చి పడితే ఎక్కడ పట్టాలి? అందుకే స్కిమ్మర్ గది పలక ఎత్తు 23 సెంటీమీటర్ల దగ్గర ఆపేశాను. నా స్కిమ్మర్‌కి కావలసిన లోతు కూడా ఇంచుమించు అంతే. నీరు పలక మీద నుంచి పొర్లేటప్పుడు ఇంకో సెంటీమీటర్ మందాన ప్రవహిస్తుంది. గంటకి 2000 లీటర్ల పంపుకి ఈ వెడల్పు పలక మీద ఆ మందం దాదాపు 9 మిల్లీమీటర్లు వస్తుంది. కాబట్టి నడుస్తున్నప్పుడు స్కిమ్మర్ దగ్గర 24, రిటర్న్ గదిలో 16. పంపు ఆగితే మొదట రిటర్న్ గది నిండి, ఆ తర్వాత మొత్తం పైకి లేచి, 27 దగ్గర ఆగాలి. ట్యాంకు ఎత్తు 40. నిశ్చింత.

ఎడమ గదికి 38 సెంటీమీటర్లు, పలకల మధ్య ఖాళీ 25 మిల్లీమీటర్ల చొప్పున మొత్తం బాఫిల్స్‌కి 6.8, రిటర్న్ గదికి 29. రిటర్న్ గది పెద్దదిగా ఉంచడం గురించి ఒక మాట చెప్పాలి. 29 సెంటీమీటర్ల పొడవుంటే ఒక సెంటీమీటర్ మట్టం అంటే సుమారు ఒక లీటరు. రోజుకి రెండు లీటర్లు ఆవిరైతే రెండు సెంటీమీటర్లు దిగుతుంది. ఇదే గదిని చిన్నది చేసి స్కిమ్మర్‌కి జాగా ఎక్కువిస్తే, రెండు రోజులు ఊరెళ్తే చాలు, పంపు గాలి పీలుస్తుంది. చాలామంది స్కిమ్మర్‌ని చూసి గదులు గీస్తారు. నీళ్లు తగ్గేది ఇటువైపని గుర్తుండదు.

కోత పని. 6 మిల్లీమీటర్ల అక్రిలిక్‌ని కత్తితో గీసి విరవడం కుదిరే పనే కానీ, చేత్తో విరిచే మందానికి అదే ఇంచుమించు హద్దు. మొదటి ముక్క గీత దాకా వచ్చి చివర్లో పక్కకి తిరిగి విరిగింది. ఆ తర్వాత సన్న పళ్ల హాక్సా బ్లేడు పట్టుకున్నాను. నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆపుతూ కోయాలి. వేగం పెంచితే పొడి రాలదు, కరిగి బ్లేడు వెనకే మళ్లీ అతుక్కుంటుంది. పైనున్న రక్షణ కాగితాన్ని కోత పూర్తయ్యేదాకా తీయకూడదు. కోసిన అంచుని కత్తి వెన్నుతో గీకి, తర్వాత గరుకు కాగితంతో రుద్దాను. అక్కడ నా మొదటి తెలివి చూపించాను. అంచు అద్దంలా మెరవాలని సన్న కాగితం దాకా వెళ్లి నున్నగా చేశాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. సిలికాన్‌కి పట్టు దొరక్కుండా చేశానని వారం తర్వాత తెలిసింది.

రెండో తెలివి, బిగుతు. లోపలి వెడల్పు 338 మిల్లీమీటర్లు. నేను 337 కోశాను. తోస్తే కదలకుండా నిలబడింది, చూసి మురిసిపోయాను.

మూడోది తెలివి కాదు, తొందర. జిడ్డు పోవాలని ఒక ముక్కని థిన్నర్ గుడ్డతో తుడిచాను. పది నిమిషాల్లో కోసిన అంచు పక్కన వెంట్రుకల్లాంటి పగుళ్లు మొలిచాయి. అసిటోన్, థిన్నర్ లాంటివి అక్రిలిక్‌ని తినేస్తాయి. గాఢమైన ఆల్కహాల్ కూడా కోత ఒత్తిడి ఉన్న అంచుల్లో పగుళ్లు తెప్పించగలదు. అద్దానికి వాడొచ్చు, అక్రిలిక్‌కి మాత్రం తేలికైన సబ్బునీళ్లు, మంచినీళ్లు, పొడి గుడ్డ చాలు. ఆ ముక్క పారేసి ఇంకోటి కోశాను.

ఇక సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే నూటికి నూరు శాతం సిలికాన్ వాడాలి. బాత్రూంలో వాడే బూజు పట్టని రకం అసలు వద్దు, అందులో కలిపే మందు చేపలకి విషం. ట్యాంకు లోపల పాత సిలికాన్ మరకలుంటే బ్లేడుతో పూర్తిగా గీకేయాలి. ఆరిపోయిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా పట్టదు. గీతలు గీసుకుని, రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, మూలమట్టంతో నిలువు చూసుకుని మూడు పలకలూ ఒకేసారి పెట్టేశాను. అప్పుడు తెలిసింది, 25 మిల్లీమీటర్ల సందులో నా చెయ్యి పట్టదని. మొదటి పలక బయటి వైపు వేలితో చక్కగా నున్నగా లాగగలిగాను. లోపలి వైపులకి ఐస్‌క్రీం పుల్ల కట్టిన కర్రతో నానా తంటాలు పడ్డాను. సిలికాన్ పది నిమిషాల్లో పైపొర కడుతుంది. ఆ లోపే లాగడం, టేపు తీయడం అయిపోవాలి. నాకు మధ్య పలక దగ్గరే పావుగంట పట్టింది. అక్కడ అట్టలు అట్టలుగా తేలింది.

ఏడు రోజులు వదిలేశాను. సిలికాన్ ఆరడానికి కావలసింది ఎండ కాదు, గాల్లో తేమ. పై నుంచి లోపలికి రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. ఇరుకు సందుల్లో ఇంకాస్త ఆలస్యం. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయకూడదు. అదంతా పాటించాను. ఎనిమిదో రోజు రాత్రి జరిగింది మొదట్లోనే చెప్పాను.

మర్నాడు పొద్దున నీళ్లు తోడేసి చూస్తే అసలు సంగతి అద్దం మీద రాసిపెట్టినట్టుంది. సిలికాన్ మొత్తం అద్దానికే ఉంది, ఎక్కడా తెగలేదు. పలక మాత్రం అందులోంచి శుభ్రంగా, పాము కుబుసం విడిచినట్టు బయటికి వచ్చింది. పలక అంచు మీద సిలికాన్ పీలిక కూడా లేదు. అద్దంతో సిలికాన్‌కి నిజమైన బంధం ఏర్పడుతుంది. అక్రిలిక్‌ని అది ఊరికే అంటిపెట్టుకుని ఉంటుంది, అంతే. గోరు దూర్చి లాగితే టేపులా ఒలిచేయొచ్చు.

దాని మీద పడ్డ బరువు ఎంత? 23 సెంటీమీటర్ల లోతు నీరు ఒక పక్కనే ఉండి, రెండో పక్క ఖాళీగా ఉంటే, ఈ వెడల్పు పలక మీద దాదాపు తొమ్మిది కిలోల తోపుడు. అందులో ఎక్కువ భాగం కింది మూడో వంతులో. పైగా అక్రిలిక్ అద్దం లాంటిది కాదు, అంతకి ఇరవై రెట్లు తేలిగ్గా వంగుతుంది. నీళ్లు పోస్తున్నప్పుడు పలక మధ్యలో పొట్ట పెట్టడం నేను చూశాను కూడా. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ముద్దుగా అనిపించింది. అలా వంగేకొద్దీ అంచు తిరుగుతుంది, తిరిగేకొద్దీ సిలికాన్ ఒక చివర నుంచి ఒలుచుకుంటూ వస్తుంది.

"బాఫిల్‌కి రెండు వైపులా నీళ్లుంటాయి, ఒత్తిడి సమానం, కాబట్టి అక్రిలిక్ ఊడదు" అనే మాట ఎప్పట్నుంచో వింటున్నాను. మొదటి రెండు పలకల వరకు నిజమే. మూడోది అలా కాదు. దానికి ఇటు 23, అటు 16. ఆ తేడాకే రాత్రింబవళ్లు నాలుగున్నర కిలోలు తోస్తూ ఉంటుంది. రిటర్న్ గదిలో నీళ్లు తగ్గిన రోజు ఇంకా ఎక్కువ.

మా నాన్న అప్పుడే కాఫీ గ్లాసుతో వచ్చి స్టాండు ముందు కూర్చున్నారు. ఊడిన పలకని చేతిలోకి తీసుకుని, మళ్లీ దాని చోట పెట్టి చూశారు.

"ఏరా, ఇంత బిగుతుగా కోశావేంటి?"

"కదలకుండా ఉంటుందని, నాన్నా."

"తలుపు ఇలా చేస్తే వానాకాలంలో మూసుకోదు. ఇది నీళ్లు తాగదా?"

తాగదు, ఇది ప్లాస్టిక్ అనబోయాను. అనుమానం వచ్చి చూసుకుంటే తాగుతుంది. అక్రిలిక్ నెలల తరబడి నీళ్లలో ఉంటే తన బరువులో రెండు శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. ఆ మేరకు ఉబ్బుతుంది కూడా. నా పలక వెడల్పుకి అది మిల్లీమీటర్ స్థాయిలో ఉంటుంది. వేడికి సాగడం కూడా అద్దంతో పోలిస్తే ఏడెనిమిది రెట్లు ఎక్కువ. నేను వదిలింది రెండు వైపులా కలిపి ఒక్క మిల్లీమీటర్. అంటే ఈ పలక ఆ రాత్రి ఊడకుండా నిలబడి ఉంటే, కొన్ని నెలలకి ఉబ్బి, చోటు చాలక పొట్ట పెట్టేది. లేదంటే ట్యాంకు అద్దాన్నే బయటికి నెట్టి అతుకుల మీద పడేది. పై ట్యాంకు నీళ్లతో నిండి, చేపలుండగా. దానికంటే ఖాళీ సంప్‌లో ఊడిందే నయం.

"తలుపుని గోడకి అతికించరు కదా, ద్వారబంధంలో నిలబెడతారు. దీనికీ ఒక గాడి పెట్టరాదూ?" అన్నారాయన. అని కాఫీ తాగేసి వెళ్లిపోయారు. నేను ఊడిన పలక పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను వారం పాటు చేసిందంతా పలకని అద్దానికి అతికించాలని. అతకని దాన్ని అతికించడానికి కొట్లాడటం ఎందుకు? పలకని కదలకుండా పట్టుకునేది అద్దమే అయితే సరిపోతుంది. సిలికాన్ సందు మూస్తే చాలు. జిగురు పని దానికి ఇవ్వకూడదు.

గాడికి కావలసింది అద్దం బద్దలు. 6 మిల్లీమీటర్ల మందం, 23 మిల్లీమీటర్ల వెడల్పు, 23 సెంటీమీటర్ల పొడవున ఎనిమిది బద్దలు కోయించి, అంచులు రుద్దించి తెచ్చుకున్నాను. ఒక్కో గోడకి నాలుగు. మొదటి పలకకి ముందొకటి, పలకల మధ్య రెండు, చివర ఒకటి. బద్దకీ బద్దకీ మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ. అదే గాడి. 6 మిల్లీమీటర్ల పలక అందులో కూర్చుంటే ముందూ వెనకా ఒక్కో మిల్లీమీటర్ సిలికాన్‌కి మిగులుతుంది. లెక్క చూస్తే పలకల మధ్య దూరం మళ్లీ సరిగ్గా 25 వస్తుంది. ఇవి అద్దం మీద అద్దం కాబట్టి సిలికాన్‌తో గట్టిగా పట్టేస్తాయి. నేల మీద కూడా మొదటి పలకకీ మూడో పలకకీ రిటర్న్ వైపు ఒక్కో బద్ద అడ్డంగా వేశాను. తోపుడు ఎక్కువుండేది అడుగునే కదా.

ముందుగా పాత సిలికాన్ గీకడం. ఈ మొత్తం పనిలో నాకు అసహ్యం వేసింది ఇదొక్కటే. సాయంత్రం అంతా పట్టింది. బ్లేడు రెండు సార్లు వేలికి తగిలింది.

బద్దలు అతికించేటప్పుడు గాడి వెడల్పు ఒకేలా రావడానికి, కోసి పారేసిన అక్రిలిక్ తునకలకి టేపు చుట్టి 8 మిల్లీమీటర్ల మందం చేసి, బద్దల మధ్య పెట్టాను. ఒక గోడని పడుకోబెట్టి నాలుగు బద్దలు, మర్నాడు ట్యాంకు తిప్పి ఇంకో గోడకి నాలుగు. నిలబెట్టి అతికిస్తే బరువుకి జారతాయి. ఎదురెదురు గాడులు ఒకే గీతలో ఉన్నాయో లేదో మూలమట్టంతో చూశాను. ఒకచోట మిల్లీమీటర్ తేడా ఉంది. గాడిలో ఆ మాత్రం ఖాళీ ఉంది కాబట్టి పర్వాలేదనిపించింది.

కొత్త పలకలు ఈసారి 335 మిల్లీమీటర్ల వెడల్పున కోశాను. కొలత కూడా ఒకచోట తీసి వదిలేయలేదు. అడుగున, మధ్యలో, పైన, మూడు చోట్ల తీశాను. చేత్తో అతికించిన ట్యాంకులు ఎప్పుడూ కచ్చితంగా మూలమట్టానికి ఉండవు, నాది పైన కాస్త ఇరుకు. కింది రెండు మూలలనీ 8 మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా కోశాను. ట్యాంకు మూలల్లో సిలికాన్ గుండ్రంగా పేరుకుని ఉంటుంది. పలక మూల చదరంగా ఉంటే దాని మీద ఎక్కి కూర్చుని అడుగున సందు వదులుతుంది. మొదటిసారి ఇది కూడా చూసుకోలేదు. సిలికాన్ తగిలే అంచుల్ని ఈసారి 120 నంబరు గరుకు కాగితంతో అడ్డదిడ్డంగా గీశాను. అందం పోయింది, పట్టు కాస్త పెరిగింది.

మొదటి, మూడో పలకల్ని అడుగున, గాడుల్లో సిలికాన్ నింపి దించాను. మధ్య పలకకి ఏమీ పూయలేదు. గాడి అడుగున 25 మిల్లీమీటర్ల ఎత్తు గాజు ముక్కలు రెండు పక్కలా ఆనింపుగా పెట్టి, దాని మీద ఊరికే దించాను. అక్రిలిక్ నీటి కంటే కొద్దిగా బరువే కాబట్టి తేలదు. గాడి పక్క నుంచి కాస్త నీరు పోయినా దానికి నష్టం లేదు. దాని పని బుడగల్ని ఆపడమే, నీటిని ఆపడం కాదు. పైగా ఎప్పుడైనా పైకి లాగేసి ఆ ఇరుకు సందులోని చెత్త తుడుచుకోవచ్చు. మొదటిసారి మూడింటినీ అతికించేసినప్పుడు ఆ సందు ఎలా కడుగుతానని ఆలోచించనే లేదు. లాగడానికి వీలుగా పై అంచున రెండు రంధ్రాలు వేశాను. డ్రిల్లు నెమ్మదిగా తిప్పి, కింద చెక్క పెట్టి వేయాలి. లేకపోతే బిట్టు బయటికి వచ్చే చోట పెచ్చు లేస్తుంది. దీని పై అంచు మిగతా రెండింటి కంటే ఎత్తుగా, 30 సెంటీమీటర్ల దగ్గర ఉంచాను. నీరు దీని మీదుగా పొర్లకూడదు.

మళ్లీ ఏడు రోజులు. మళ్లీ రాత్రి. ఎడమ గది మాత్రమే నింపాను. గంట గడిచింది. పలక మధ్యలో ఎప్పటిలాగే పొట్ట పెట్టింది కానీ అంచులు గాడిలో కూర్చుని కదల్లేదు. అడుగున ఒక మూల నుంచి మాత్రం చాలా సన్నగా, ఒక్కో చుక్క చొప్పున నీరు దిగుతోంది. ఏటవాలు కోత దగ్గర సిలికాన్ పూర్తిగా నిండలేదన్నమాట. మళ్లీ గీకాలా అని కాసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. గంటకి 2000 లీటర్లు దాని మీద నుంచి పొర్లుతున్నప్పుడు గంటకి ఒక గ్లాసు నీళ్లు కింద నుంచి కారితే మట్టం ఎందుకు తగ్గుతుంది? బయటి గోడ కారితే ప్రమాదం, లోపలి గోడ కారితే కాదు. వదిలేశాను.

పంపు పెట్టి మంచినీటితో రెండు రోజులు నడిపాను. స్కిమ్మర్ గదిలో మట్టం గీసినట్టు నిలబడింది. ప్లగ్గు లాగి చూశాను, సంప్‌లో నీరు లేచి 27 దాటి ఒక వేలు మందం ఎక్కువకి వచ్చి ఆగింది. పై ట్యాంకులో ఒక్క బుడగ లేదు. నాది ఉప్పునీటి అక్వేరియం, ఆ ఆనందంలో ఉప్పు కలిపాను.

ఉప్పు కలిపిన సాయంత్రం పై ట్యాంకు సోడా సీసాలా ఉంది. ఉప్పు నీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కావు. సన్నగా, మంచులా ఉండిపోతాయి. సన్నని బుడగ తేలడానికి చాలా సమయం తీసుకుంటుంది. మంచినీటి పరీక్షని నమ్మడం నా తప్పే.

అందరూ చెప్పేది స్కిమ్మర్ కొత్తది, కొన్నాళ్లు బుడగలు వదులుతుంది, ఓపిక పట్టమని. నిజమే కావచ్చు. కానీ స్కిమ్మర్ ఆపేసి చూశాను. అయినా బుడగలు తగ్గలేదు. సందులో ప్రవాహం ఎక్కువేమోనని లెక్క చూశాను. 25 మిల్లీమీటర్ల సందులో నీరు సెకనుకి ఆరున్నర సెంటీమీటర్ల వేగంతో దిగుతోంది. అర మిల్లీమీటర్ బుడగ ఆ వేగానికి ఎదురీదలేదు, నిజమే. వాల్వు తిప్పి ప్రవాహం సగానికి తగ్గించాను. కొంచెం మెరుగు, అంతే.

చివరికి నేల మీద బోర్లా పడుకుని పక్క నుంచి టార్చి వేస్తే కనబడింది. మూడో పలక మీద నుంచి నీరు రిటర్న్ గదిలోకి పడుతోంది. 23 నుంచి 16కి, ఏడు సెంటీమీటర్ల జలపాతం. బుడగలన్నీ అక్కడే పుడుతున్నాయి. దొంగల్ని పట్టే గేటు దాటాక దొంగలు తయారవుతుంటే గేటు ఏం చేస్తుంది?

రిటర్న్ గదిలో నీళ్లు 20 దాకా పోస్తే బుడగలు ఆగాయి. మరుసటి రోజుకి రెండు లీటర్లు ఆవిరై 18కి రాగానే మళ్లీ మొదలయ్యాయి. సరైన పని ఏమిటంటే మూడో పలక మొదటి దానికంటే పొట్టిగా ఉండాలి. జలపాతం ఎలాగూ తప్పదు కాబట్టి, అది బుడగల ఉచ్చుకి ముందు, అంటే మొదటి పలక దగ్గర పడాలి. తర్వాత మధ్య పలక దాన్ని చూసుకుంటుంది. మొదటి, మూడో పలకలకి ఒకే ఎత్తు గీసిన రోజు నాకు ఇది తట్టలేదు.

పలకని అతికించి ఉంటే ఇక్కడ ఏడ్చేవాడిని. గాడి ఉంది కాబట్టి నీళ్లు తోడేసి, సన్న బ్లేడుతో గాడి వెంట సిలికాన్ కోసి, అటూ ఇటూ ఊపి పైకి లాగితే మూడో పలక పావుగంటలో బయటికి వచ్చేసింది. అక్రిలిక్‌ని సిలికాన్ గట్టిగా పట్టదన్న గుణమే ఈసారి నాకు ఉపకారం చేసింది. పైన నాలుగు సెంటీమీటర్లు కోసి 19కి దించాను. గాడిలో మిగిలిన సిలికాన్ గీకి, కొత్తది పూసి మళ్లీ నిలబెట్టాను. ఇంకో వారం ఎదురుచూపు. ఉప్పునీళ్లు బకెట్లలో, బకెట్లు వరండా అంతటా. ఆ వారం ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు రిటర్న్ గదిలో మట్టం 17 దగ్గర ఉంచుతాను. పలక నుంచి పడేది రెండు సెంటీమీటర్లే, నీరు చప్పుడు లేకుండా జారుతుంది. సాయంత్రానికి 15కి వస్తే రెండు లీటర్ల మంచినీళ్లు పోస్తాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. మూడో పలక మీద తోపుడు కూడా బాగా తగ్గింది. వంపు చూద్దామన్నా కనబడదు. పంపు వాల్వు మళ్లీ పూర్తిగా తెరిచాను. పై ట్యాంకులో టార్చి వేసి వెతికితే ఒకటో రెండో బుడగలు కనబడతాయి, వాటిని పట్టించుకోను.

మధ్య పలకని నెలకోసారి పైకి లాగుతాను. కింద వేలెడు మందాన గోధుమ రంగు బురద ఉంటుంది, సన్న గొట్టంతో లాగేస్తాను. మొదటి పలక అడుగు మూలలో ఆ చుక్క ఇంకా కారుతూనే ఉండాలి. నీళ్ల కింద ఉంది కాబట్టి కనబడదు.